కొండగుడి మొక్కు, పెద్దమ్మ ముంత బియ్యం

ముందే చెప్పేస్తా, ఇది భక్తుడు రాసిన యాత్ర కాదు. పుట్టింది కతోలిక ఇంట్లోనే, గుంటూరు జిల్లా, చిన్నప్పుడు తెల్ల అంగీ వేసుకుని పూజలో (మాస్ అంటారే, అది) గంట కొట్టిన బ్యాచే, కానీ గుడి గుమ్మం తొక్కి ఆరేళ్ళు దాటింది. నాన్న పోయిన రోజు మా విచారణలో (అంటే మా చర్చి పరిధి, ఊరి పేరు వద్దులెండి) చందా బాకీ తేలేదాకా సమాధి తవ్వనివ్వమని పెద్దలు కూర్చున్నారు. 1800 రూపాయలు. డబ్బు సమస్య కాదు, జేబులోనే ఉంది, ఇచ్చేశా కూడా, కానీ నాన్న ఇంట్లో ఐస్ పెట్టెలో ఉంటే ఒక పెద్దమనిషి కళ్ళజోడు తుడుచుకుంటూ రిజిస్టర్లో ఒక్కో నెల మీద వేలు పెట్టి లెక్కేయడం చూశా చూడండి, అది మాత్రం కళ్ళలోంచి పోలేదు. మళ్ళీ వెళ్ళలేదు. అమ్మ కూడా బలవంతం పెట్టలేదు.

ఇప్పుడెందుకు వెళ్ళానంటే అమ్మ మోకాలి ఆపరేషన్. నడిస్తే విశాఖ కొండగుడి మరియమ్మకి పండగ రోజు అన్నదానానికి 25 కిలోల బియ్యం ఇస్తానని మొక్కుకుంది. నడిచింది, కానీ కొండెక్కే నడక ఇంకా రాలేదు. "నువ్వెళ్ళి ఇచ్చి రా" అంది. నాకు నమ్మకం లేదు కదమ్మా అంటే "బస్తా మొయ్యడానికి నమ్మకం దేనికిరా, భుజం చాలు" అంది. ఇంక మాట్లాడటానికేముంది, లీవ్ పెట్టా.

డిసెంబర్ 5, శుక్రవారం

నాంపల్లిలో గురువారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. ప్రతిసారీ చేసే తప్పే మళ్ళీ చేశా, నిద్రమత్తులో జనం వెనకే ఒకటో నంబర్ ప్లాట్‌ఫామ్ వైపు బయటికొచ్చేశా. పెద్దమ్మ ఇల్లుండే జ్ఞానాపురం వెళ్ళేవాళ్ళు ఎనిమిదో నంబర్ వైపు గేట్లోంచి వస్తే నడిచి పోవచ్చు, ఇటు నుంచయితే ఆటోవాళ్ళ దయ. 150 అన్నాడు. కాన్వెంట్ జంక్షన్ దాటుతుంటే సెయింట్ పీటర్స్ కెథడ్రల్ పక్కనించే వెళ్ళాం, పొద్దున పూజకి వెళ్ళే ఆడవాళ్ళు నెత్తిన కొంగులు కప్పుకుని గబగబా నడుస్తున్నారు, చలి పెద్దగా లేదు గానీ సముద్రపు గాలి తేమ ఒంటికి అంటుకుంటోంది.

పెద్దమ్మ అంటే అమ్మకి సొంత అక్క. పెళ్ళయి ఇక్కడికొచ్చి 50 ఏళ్ళు, పెదనాన్న పోర్టులో ఖలాసీగా చేరి అక్కడే రిటైరయ్యాడు, ఇప్పుడు లేడు. గుంటూరు యాస ఎప్పుడో పోయింది ఆవిడకి. గుమ్మంలోనే పట్టుకుంది, "వచ్చీసినావా నాన్నా, ఏటిలా సిక్కిపోనావు, ఆ హైద్రాబాదులో తిండెట్టరేటి నీకు?" 84 కిలోలున్నా నేను. అయినా సిక్కిపోయాననే ఆవిడ లెక్క.

నాకు కాఫీ ఇచ్చింది, తను తాగలేదు. పూజకి వెళ్ళొచ్చి తాగుతానంది. ఇప్పుడు ప్రసాదం (పూజలో ఫాదర్ ఇచ్చే అప్పం) తీసుకోవడానికి గంట ముందు నుంచి ఏం తినకపోతే చాలు, 1964 నుంచి రూలు అదే, అంతకు ముందు కొన్నేళ్ళు మూడు గంటలు, ఇంకా ముందయితే అర్ధరాత్రి నుంచే కటిక ఉపవాసం. ఈవిడకి చిన్నప్పుడు వాళ్ళమ్మ అర్ధరాత్రి లెక్కే నేర్పింది, పోపుగారు మార్చినా ఈవిడ మార్చలేదు. "గంటంటే అదేటి ఉపాసం, టిఫినుకి టిఫినుకి మధ్య ఉండేది గంటే కదా" అంటుంది.

మధ్యాహ్నం నెత్తళ్ళ పులుసు. శుక్రవారం మాంసం ముట్టని పాత అలవాటు ఆవిడది. చర్చి లెక్కలో చేప మాంసం కిందికి రాదు, కాబట్టి విశాఖపట్నంలో శుక్రవారం త్యాగం అంటే ఏంటయ్యా అంటే మామిడికాయ ఒరుగు వేసి చింతపండు పులుసులో ఉడికిన తాజా నెత్తళ్ళు. ఇలాంటి త్యాగం నేను వారానికి ఏడు రోజులు చేస్తానన్నా. వీపు మీద ఒకటిచ్చింది.

ఇంతకీ ఆరోజు అసలు చూసింది వేరే. రాత్రి అన్నానికి బియ్యం కొలుస్తోంది, ముగ్గురికి (పక్కింట్లో అద్దెకుండే కాలేజీ కుర్రాడు కూడా ఇక్కడే తింటాడు, డబ్బులు ఇస్తాడో లేదో నేనడగలేదు) గ్లాసున్నర కొలిచింది, చేటలో పోసింది, మళ్ళీ అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న మట్టి ముంతలో వేసింది. మూత పెట్టింది. ఏంటది అంటే మరియమ్మ ముంత అంది. అన్నం వండే ప్రతి పూటా పిడికెడు. నెలలో మొదటి ఆదివారం ముందు రోజు వీళ్ళ విచారణలో ఉపదేశి గారు (ఫాదర్‌కి సాయంగా ఉండి జపాలు నేర్పే ఆయన) గోనెసంచి పట్టుకుని సందుల్లో తిరుగుతాడట, ఇంటింటి ముంతా అందులో పోస్తారు. మా అమ్మమ్మ కూడా చేసేదని అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడది ముంత కాదు, పాత హార్లిక్స్ సీసా.

డిసెంబర్ 6, శనివారం

పొద్దున్నే పూర్ణా మార్కెట్. బియ్యం నేను కొంటానంటే ఒప్పుకోలేదు, నీకు పాత బియ్యం కొత్త బియ్యం తేడా తెలీదు అని తనూ వచ్చింది, నిజమే తెలీదు. కొట్టువాడు తీసిచ్చిన గింజలు నాలుగు నోట్లో వేసుకుని పంటికింద కొరికి "ఇది మొన్న కోసిన పంట, ముద్దయిపోద్ది, మరియమ్మ పేరు సెప్పి కొంతన్నాం, మంచిదెట్టు" అంది. వాడేమో బొట్టు పెట్టుకుని కనకమహాలక్ష్మి ఫొటో కింద కూర్చున్నాడు, నవ్వి లోపలికెళ్ళి వేరే బస్తా తెచ్చాడు, చెప్పిన రేటు మీద 50 తగ్గించాడు కూడా. మార్గశిర మాసం కదా, బురుజుపేట గుళ్ళో అమ్మవారికి ఈ నెలంతా పండగే, గురువారాలైతే మరీను. ఆ అమ్మవారికి గుడి పైకప్పు ఉండదు, ఎండా వానా ఆమెకే, ఎవరైనా వచ్చి చేత్తో పసుపు నీళ్ళు పోసి అభిషేకం చేసుకోవచ్చు. పెద్దమ్మకి ఆ సంగతులన్నీ తెలుసు, 50 ఏళ్ళ ఇరుగుపొరుగు మరి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోని పాత ఊరి మీదుగా పోనిమ్మన్నా. సెయింట్ అలోషియస్ స్కూలు చూడాలనిపించింది, 1847ది అది. సవోయ్ ప్రాంతంలోని ఆనెసీ నుంచి ఫాదర్లు వచ్చింది 1846లో, అప్పటికి ఆ సవోయ్ ఫ్రాన్సులో కూడా కలవలేదు. వచ్చిన ఏడాదికే స్కూలు. దిగిన రోజు వాళ్ళకి భాష రాదు, ఎండ పడదు, కారం అసలు పడదు. మొదటి పూట వాళ్ళకి అన్నం వండిపెట్టిన మనిషి ఎవరో ఒకరు ఈ సందుల్లోనే ఉండి ఉంటారు కదా. ఫాదర్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి, ఆ మనిషి పేరు ఉండదు. ఇలాంటివి ఆలోచిస్తూ కూర్చుంటే ఆటోవాడు వెయిటింగ్ చార్జి 40 వేశాడు.

సాయంత్రం పెద్దమ్మ వాళ్ళ విచారణ వంటశాలకి తీసుకెళ్ళింది. రేకుల షెడ్డు, మూడు పెద్ద పొయ్యిలు, గోడకి బోర్లించిన గుండిగలు. ప్రతి గుండిగ మీదా పేర్లు చెక్కి ఉన్నాయి, ఫలానా వారి జ్ఞాపకార్థం అని తారీఖుతో సహా. సమాధుల తోటలో రాళ్ళ మీద రాసినట్టే, కాకపోతే వీటిలో సాంబారు కాస్తారు.

గోనెసంచిలో ముంతల బియ్యం చాప మీద గుమ్మరించారు. చూస్తే నవ్వొచ్చింది, ఒక్కో పిడికెడు ఒక్కో రకం, సోనా మసూరి, రేషన్ బియ్యం, ఉప్పుడు బియ్యం, ఎవరింట్లో మిగిలిందో నాలుగు బాస్మతి గింజలు. చుట్టూ కూర్చుని రాళ్ళు ఏరడం, పురుగు చూడటం. నేనూ కూర్చున్నా. నడుం పట్టేసింది పావుగంటకే, వాళ్ళు మాత్రం రెండు గంటలు కబుర్లతో కానిచ్చేశారు. వంట మేస్త్రి చెప్పాడు ఈ బియ్యంతో వచ్చే తంటా ఏంటో. అన్నీ ఒకేసారి ఉడకవు, రేషన్ది ముందే మెత్తబడుతుంది, ఉప్పుడు బియ్యం పలుకు వదలదు, అందుకని అన్నానికి పనికిరాదు, పులిహోరకి అసలే పనికిరాదు. పెసరపప్పు పోసి కిచిడీ చేసేస్తారు, "కిచిడీకి కులం గోత్రం లేదు బాబూ, అన్నీ కలిపేస్తది" అన్నాడు.

అక్కడే హుద్‌హుద్ తుఫాను మాటొచ్చింది. 2014 అక్టోబర్ 12, అది కూడా ఆదివారమే. పొద్దున పూజ లేదు, ఈ షెడ్డు రేకులు ఎగిరి ఎక్కడ పడ్డాయో దొరకలేదట. కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాల ప్యాకెట్టు కోసం జనం కొట్టుకుచచ్చారు. మూడో రోజు ఎవరింట్లో తడవని బియ్యం ఉంటే అవి తెచ్చి ఇటుకల పొయ్యి మీద గంజి కాశారు, విరిగిపడిన చెట్లే కట్టెలు. "ఎవులు తినడానికొచ్చినారో ఎవులికి తెల్సు, గిన్నెట్టుకుని వచ్చినోడికి పోసీడమే" అంది పెద్దమ్మ రాయి ఏరి పక్కకి విసురుతూ.

డిసెంబర్ 7, ఆదివారం

ఇదే పెద్ద రోజు.

పెద్దమ్మ రమ్మనలేదు. అయిదున్నరకి తయారై చెప్పులేసుకుంటూ నా వైపు చూసింది, అంతే. లేచి ప్యాంటేసుకున్నా. చివరి బెంచీ, ఫ్యాన్ కింద. ఆగమన కాలం (క్రిస్మస్‌కి ముందొచ్చే వారాలు) రెండో ఆదివారం, ఫాదర్ గారు ఊదా రంగు వేసుకున్నారు, నాలుగు కొవ్వొత్తుల్లో రెండోది వెలిగించారు. చదివిన వచనాలు అన్నీ తిండి గురించే అనిపించాయి నాకు, ఆకలి మీదున్నందుకేమో. యెషయాలో ఆవూ ఎలుగుబంటీ కలిసి మేస్తాయి, సింహం గడ్డి తింటుంది. సువిశేషంలో స్నాపక యోహాను మిడతలూ అడవి తేనే తింటాడు. మధ్యలో రోమీయుల లేఖలో, క్రీస్తు మిమ్మల్ని చేర్చుకున్నట్టే మీరూ ఒకళ్ళనొకళ్ళు చేర్చుకోండి అని ఉంటుంది. ఫాదర్ గారు దాని మీద పెద్దగా లాగలేదు, పదినిమిషాల్లో ముగించి "కిచిడీ ఉంది, ఎవరూ ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు" అన్నారు. మంచి ప్రసంగం.

దివ్యసత్ప్రసాదానికి అందరూ లేచారు. నేను లేవలేదు. ఆరేళ్ళు పాపసంకీర్తనం (ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడం) లేకుండా వెళ్ళి చెయ్యి చాపకూడదు, అది చిన్నప్పటి సత్యోపదేశం క్లాసులో గట్టిగా ఎక్కిన పాఠం. బెంచీ అంతా ఖాళీ అయ్యి నేనొక్కణ్ణే మోకాళ్ళు పక్కకి తిప్పి దారిచ్చి కూర్చున్నా. పక్కనుంచి వెళ్ళే ప్రతివాళ్ళూ నన్నే చూస్తున్నట్టు ఫీలింగ్, నిజానికి ఎవడూ చూడడు.

కిచిడీ బాగుంది. అక్కడక్కడా ఉప్పుడు బియ్యం గింజ పంటికి గట్టిగా తగులుతుంది, ఇది ఎవరింటి పిడికెడో అనుకుంటూ తిన్నా.

తర్వాత ఇంటికి పోదామనుకుంటే మేస్త్రి వదల్లేదు. మధ్యాహ్నం ప్రేమవిందు, అంటే అందరూ కలిసి తినే భోజనం, 300 మందికి లెక్క. 40 కిలోల బియ్యం, కోడికూర, పప్పుచారు, వంకాయ టమాటా, పెరుగుపచ్చడి. మార్గశిరంలో నీచు ముట్టని పక్కవీధి వాళ్ళు కూడా వస్తారని వంకాయా పప్పుచారూ వేరే గుండిగల్లో, వేరే గరిటెలతో, ముందే వండి పక్కన పెట్టేశారు, కోడి ఆ తర్వాతే షెడ్డులోకి వచ్చింది. ఎవరూ చెప్పి చేయించలేదు ఆ పద్ధతి, ఎప్పట్నుంచో అలాగే. నాకిచ్చిన పని ఉల్లిపాయలు. పది కిలోలు. ఏడుపు వచ్చినా ఎవరూ ఏమీ అనుకోని ఒకే ఒక్క పని అది, ఆరేళ్ళది కలిపి ఏడ్చేశా అనొచ్చు.

పదకొండున్నరకి కోడికూర దగ్గరపడింది. ఇప్పుడు అసలు విషయం. ఆ మేస్త్రి అమ్మవారి భక్తుడు, ఈ నెలంతా నీచు తినడు, అంటే తను వండే కూర తను రుచి చూడడు. వాసన మీద, రంగు మీద, నూనె పైకి తేలే తీరు మీద వండేస్తాడు. ఉప్పు మాత్రం ఎవరితోనో ఒకళ్ళతో చూపిస్తాడు. రోజూ చూసే సిస్టర్ గారు ఎక్కడికో వెళ్ళారు, ఎదురుగా నేనున్నా. "బాబూ, ఇలగ రా, ఉప్పు సూడు" అని గరిటె చివర కాస్త గ్రేవీ తీశాడు.

నేను చేతులు చాపా. ఎడం చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. ఆలోచించి చాపింది కాదు, పీఠం దగ్గర తొమ్మిదేళ్ళ వయసులో నేర్పిన తీరు అది, ఎడం అరచేతిలో అప్పం పెడతారు, కుడి చేత్తో తీసుకుంటాం, ఆరేళ్ళుగా వాడని చేతులు వాటంతటవే అలా వెళ్ళాయి. పొద్దున్న గుళ్ళో చాపని చేతులు గుండిగ ముందు చాచి నించున్నా. నాకే ఒక్క క్షణం ఊపిరాడలేదు. మేస్త్రేమో గరిటె వెనక్కి తీసుకుని "ఎడం సెయ్యేటి బాబూ! కూర ఎడం సేత్తో ఎవులైనా తింతారేటి, కుడి సెయ్యెట్టు" అని కసిరాడు. కుడి చెయ్యి పెట్టా. కాలింది. నాకా.

"తక్కువుంది" అన్నా. గొంతు సరిగా రాలేదు, కారం అనుకున్నాడు. రెండు గుప్పెళ్ళ ఉప్పు వేసి తెడ్డుతో కలిపాడు, మళ్ళీ చూపించాడు, సరిపోయింది. 300 మంది నేను చూసిన ఉప్పు తిన్నారు ఆ రోజు.

భోజనాలు నేల మీద పంక్తులు, ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకుల విస్తర్లు. చర్చిలో కులం లేదని చెబితే అబద్ధం, మనవాళ్ళు బాప్తిస్మంతో పాటు దాన్నీ తడపకుండా తెచ్చుకున్నారు, కొన్నిచోట్ల సమాధుల్లో కూడా వరసలున్నాయి. పౌలుగారు కొరింతు వాళ్ళని తిట్టింది దీనికే, ఉన్నవాళ్ళు ముందొచ్చి తిని తాగి కూర్చుంటే లేనివాళ్ళు ఆకలితో నిలబడుతున్నారు, ఇది ప్రభువు భోజనం ఎలా అవుతుందని. ఆ లేఖకి దగ్గర దగ్గర రెండు వేల ఏళ్ళు. ఇక్కడ మాత్రం తలుపు దగ్గర ఉపదేశి గారు నిలబడి వచ్చినవాళ్ళని వచ్చినట్టే వరసలో కూర్చోబెట్టేస్తున్నాడు, సిల్కు చీర పక్కన చెత్తబండి కార్మికుడు, ఎవరైనా మావాళ్ళు అక్కడున్నారండి అంటే "తిన్నాక కలుద్దురు గానీ" అంటాడు. మిగతా రోజుల్లో ఎలా ఉంటారో నేను చూడలేదు, నేను చూసింది ఆ పూట.

నాకు పప్పుచారు బకెట్టు ఇచ్చారు. రెండో వరసలో ఒక ముసలాయన తెల్ల పంచె మీద గరిటెడు పోశా. నేను బిగుసుకుపోయా, ఆయన పంచె చూసుకుని, నన్ను చూసి, "అన్నం మీద కూడా ఎయ్యి నాయినా" అన్నాడు.

సాయంత్రం సామాన్లు తోముతుంటే ఫాదర్ గారు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని షెడ్డు అవతల వేపచెట్టు కింద కూర్చున్నారు. వెళ్ళా. అక్కడే పాపసంకీర్తనం చేశా. ఏం చెప్పానో రాయను, చందా రిజిస్టర్ సంగతి మాత్రం చెప్పా, అది నా పాపం కాదు కదా ఫాదర్ అని కూడా అన్నా. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "కాదు" అన్నారు. తర్వాత "వాళ్ళ తరఫున నేను క్షమాపణ అడుగుతున్నా" అన్నారు. ప్రాయశ్చిత్తం మూడు మంగళవార్త జపాలు (మరియమ్మకి చేసే చిన్న ప్రార్థన). మూడే! ఆరేళ్ళకి మూడేనా అని లోపల చిన్న నిరాశ కూడా వేసింది. దానికి తోడు జపం సగంలో మర్చిపోయా, రాత్రి పెద్దమ్మ అందించాల్సి వచ్చింది.

డిసెంబర్ 8, సోమవారం

నిష్కళంక మాత పండగ. దీన్ని చాలామంది, కతోలికులు కూడా, యేసు గర్భంలో పడ్డ సంగతి అనుకుంటారు, కాదు, మరియమ్మ తన తల్లి కడుపులో పడ్డప్పుడే జన్మపాపం అంటకుండా ఉందనే విశ్వాసం ఇది, 1854లో పోపు తొమ్మిదో పయస్ ప్రకటించాడు. విశాఖలో ఈ పండగంటే రాస్ హిల్, జనం నోట్లో కొండగుడి. గుణదల తిరునాళ్ళంత కాదు గానీ పొద్దున్నుంచే పాత పోస్టాఫీసు వైపు ఆటోలు కదలడం లేదు, కొవ్వొత్తులు, పూలదండలు, పిల్లల బూరలు, ముంత మసాలా బండ్లు.

బస్తా భుజాన వేసుకుని ఎక్కడం మొదలెట్టా. పాతిక కిలోలు చిన్న బరువు కాదండీ, సగం దూరం వచ్చేసరికి అమ్మ చెప్పిన భుజం థియరీ తప్పని తేలిపోయింది. మూడుచోట్ల దించి, చెమటలు తుడుచుకుని, జనం "పక్కకి పక్కకి" అంటుంటే ఎక్కి, పైన వాలంటీర్ కుర్రాడి ముందు దించా. వాడు బస్తా చూసి, నన్ను చూసి, "అన్నా, అన్నదానం కిందన్నా. వంటంతా కిందే" అన్నాడు. పెద్దమ్మకి ఈ సంగతి ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదంటే "మొక్కంటే కొండెక్కాలి కదా నాన్నా" అంది. మళ్ళీ దించా, దిగేటప్పుడు ఒక పోర్టు కార్మికుడు బస్తా ఒక చెవి పట్టుకున్నాడు.

పైనుంచి చూస్తే మాత్రం ఆ శ్రమ మర్చిపోతాం. కింద హార్బర్లోకి ఓడలొచ్చే కాలవ, అవతల డాల్ఫిన్స్ నోస్. పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత. 1864లో రాస్ అనే దొర ఈ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు, కొండకి పేరు అలా వచ్చింది, తర్వాత ఆ ఇల్లే ప్రార్థనాలయమైంది. ఇల్లు గుడి కావడం ఈ నాలుగు రోజులూ చూశాక నాకేం వింతగా అనిపించలేదు, పెద్దమ్మ వంటింట్లో ముంత ఉన్న మూల కూడా అలాంటిదే.

పూజలో ప్రసాదం తీసుకున్నా. ఎడం చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. మేస్త్రి చూస్తే కసిరేవాడు అనుకుని నవ్వొచ్చింది, పక్కన పెద్దమ్మ కళ్ళు మూసుకుని ఉంది కాబట్టి బతికిపోయా. ఉరుములూ మెరుపులూ ఏం రాలేదు. నాన్న గుర్తొచ్చాడు, ఈసారి రిజిస్టర్ లేకుండా.

కింద అన్నదానంలో మళ్ళీ వడ్డన, ఈసారి అన్నం బేసిన్. పంచెల మీద పొయ్యలేదు. ఒకావిడ బిడ్డని చంకనేసుకుని రెండోసారి వరసలో కూర్చుంది, వెనకాల ఎవరో "ఇందాకే తినీసింది" అన్నారు. వడ్డించే పెద్దావిడ వినపడనట్టు ముందుకెళ్ళి ఆవిడ ఆకులో మొదట పెట్టింది.

సాయంత్రం అయిదు దాటాక రైలు. ఈసారి తెలివిగా జ్ఞానాపురం గేటు వైపు నుంచే వెళ్ళా. పెద్దమ్మ ప్లాట్‌ఫామ్ దాకా వచ్చి స్టీలు డబ్బా చేతిలో పెట్టింది, పైన పొడి అక్షరాల్లో పెదనాన్న పేరు, రిటైరైన తారీఖు, "మిత్రుల కానుక" అని చెక్కి ఉంది. నిమ్మకాయ పులిహోర, పక్కన విడిగా కానాగంతల వేపుడు. ఇద్దరికి సరిపోయేంత ఎందుకంటే "పక్క సీటోడు సూత్తా ఉంటే నువ్వొక్కడివే తింతావేటి" అంది. పక్క సీటాయన అనకాపల్లి దాటకముందే మొహమాటం వదిలేశాడు, ఆయన దగ్గర మాడుగుల హల్వా ఉంది, అదీ తిన్నాం.

డిసెంబర్ 9, మంగళవారం

నాంపల్లి, క్యాబ్, ఇల్లు. డబ్బా తోమి అరుగు మీద బోర్లించి ఆఫీసు లాగిన్. అమ్మ ఫోన్ చేసి అన్నీ అడిగింది, బియ్యం ఏ రకం, పాతవేనా, అక్క ఒళ్ళు ఎలా ఉంది. ప్రసాదం సంగతి నేను చెప్పలేదు, అప్పటికే పెద్దమ్మ చెప్పేసి ఉంటుంది, అమ్మ కూడా ఎత్తలేదు. చివర్లో మాత్రం "డబ్బా ఎప్పుడు పంపుతావు?" అంది. వచ్చే నెల ఎవరో వెళ్తున్నారు, వాళ్ళకిస్తా అన్నా. "ఖాళీ డబ్బా ఇస్తావా అక్కకి? సిగ్గుండాలి." నాకు వచ్చింది కోడిగుడ్డు పులుసు ఒక్కటే, అది పన్నెండు గంటల ప్రయాణంలో ఆగదు. సున్నుండలు ఎలా చేస్తారో వాట్సాప్‌లో పెట్టమన్నా.